పట్టు పూర్వోత్తరాలు

పోయిన సంచికలో ఒకరికి జవాబు రాస్తూ "మనవణ్ణి బడికి పట్టుకెళ్ళి వచ్చి మీ ఉత్తరం చదివాను" అన్నాను. అంతే, ఆ ఒక్క మాట మీద ఉత్తరాలు వచ్చిపడ్డాయి. "మనవణ్ణి పట్టుకెళ్ళడమేమిటి మాస్టారూ, వాడేమన్నా సంచీయా?" అని కొందరు. "మా ఇంట్లోనూ అంతే, మీరేం తగ్గకండి" అని కొందరు. ఆ సందట్లో పట్టుచీర, పట్నం, పట్టపగలు, పటకారు కూడా బయటికొచ్చాయి. సరే, ఈ నెల చోటంతా పట్టుకే ఇచ్చేశాను. వేరే మాటల గురించి అడిగినవాళ్ళు ఏమీ అనుకోకండి, మీ ఉత్తరాలు నా బల్ల మీదే ఉన్నాయి.

ప్రశ్న: మాది హైదరాబాదు. పెళ్ళయి విశాఖ వచ్చాను. మా అత్తగారికి గ్లాసు కావాలన్నా "పట్రా", పిల్లాడు కావాలన్నా "పట్రా". మా ఆయనైతే నన్ను కూడా సినిమాకి "పట్టుకెళ్తా" అంటారు. మొదట్లో నవ్వొచ్చేది, ఇప్పుడు అప్పుడప్పుడూ చిరాకు వేస్తోంది. మనుషుల్ని తీసుకెళ్ళాలి గానీ పట్టుకెళ్ళడం తప్పు కాదా?
(సీతమ్మధార నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: తప్పు కాదమ్మా. మీకు అలవాటైన "తీసుకెళ్ళడం" ఏమంత మర్యాదైన మాటో ఒకసారి విప్పి చూడండి. తీయడం అంటే ఏమిటి? కాల్లోంచి ముల్లు తీస్తాం, బావిలోంచి నీళ్ళు తీస్తాం, ఆఖరికి ప్రాణాలు కూడా తీస్తాం. అయినా "పిల్లాణ్ణి తీసుకురా" అంటే మీకేమీ అనిపించదు. చిన్నప్పటి నుంచీ విన్నారు కాబట్టి అందులో తీయడం మీ చెవికి తగలదు. మీ అత్తగారికీ అంతే, "పట్రా" అన్నప్పుడు అందులో చేత్తో పట్టుకోవడం లేదు.

పట్టుకొని రా అన్నది నోటిలో అరిగి పట్టుకురా అయింది, ఇంకా అరిగి పట్రా అయింది. తీసుకొని రా తీసుకురా అయిన దారీ ఇదే. ఒక మాట ఇంతగా అరిగిందంటే అందులో పాత అర్థం సగం చచ్చిపోయిందనే లెక్క. లారీవాడు ఇసుక పట్టుకొచ్చాడంటాం, ఎవరైనా చేత్తో పడతారా? పక్కింటావిడ ఓ వార్త పట్టుకొస్తుంది. సెలవులకి ఊరెళ్ళిన కుర్రాడు జ్వరం పట్టుకొస్తాడు. భీమిలిలో మా మేనత్త ఇంటికి ఎవరొచ్చినా కూర్చోమనేలోపే "ఏటి పట్టుకొచ్చావురా?" అనేది. అందులో నిష్ఠూరం లేదు, ఆశ ఉంది.

శ్రీకాకుళం నుంచి గోదావరి దాకా ఇళ్ళలో ఇదే మాట. జీవద్భాషను రాతలోకి తేవాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తిగారు పుట్టింది శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో. ఆయన గడ్డ మీద కూర్చుని "పట్రా" అని రాయడానికి నేను సిగ్గుపడను. మీ అబ్బాయి రేపు రెండు మాటలూ మాట్లాడతాడు, వాడికి లాభమే గానీ నష్టం లేదు.

ఒక్క జాగ్రత్త మాత్రం చెప్తాను. "మా తమ్ముణ్ణి పట్టుకెళ్ళారండీ" అని పోలీసు స్టేషను ముందు అనకండి. అక్కడ ఆ చచ్చిన అర్థం లేచి కూర్చుంటుంది.

ప్రశ్న: నిద్ర పడుతుంది, వాన పడుతుంది, టైం పడుతుంది, డబ్బులు పడతాయి. వీటిలో ఏది పడు, ఏది పట్టు? నాకు తెలిసిన తెలుగు లెక్చరరు ఒకాయన్ని అడిగితే "రెండూ ఒకటే, పోటీ పరీక్షల్లో రాదులే" అన్నారు.
(గాజువాక నుంచి ఒక డిగ్రీ విద్యార్థి)

జవాబు: పరీక్షలో రాకపోవచ్చు బాబూ, కానీ రెండూ ఒకటి కాదు. మీ ప్రశ్న నాకెంత నచ్చిందంటే, దీనికి ఒక పేజీ ఎక్కువ ఇమ్మని సంపాదకుల్ని బతిమాలుకున్నాను.

తెలుగులో ట్టు తో ముగిసే క్రియలు చాలా ఉన్నాయి: కట్టు, కొట్టు, పెట్టు, తిట్టు, చుట్టు. వీటికి "తాను, తాడు, తుంది" చేరితే ట్టు పోయి డ వస్తుంది. కడతాను, కొడతాను, పెడతాను, తిడతాను, చుడతాను. పట్టు కూడా ఆ బడిలో పిల్లే, అందుకని పడతాను అవుతుంది. ఇక పడు అనే క్రియకి డ పుట్టుకతోనే ఉంది, అదీ పడతాను అనే అవుతుంది. ఇద్దరూ ఒకే యూనిఫాం వేసుకుని నిలబడితే ఎవరు ఎవరో ఎలా తెలుస్తుంది? నిన్నటికి మార్చి చూడండి. పట్టు అయితే పట్టింది, పట్టాను. పడు అయితే పడింది, పడ్డాను. భూతకాలం దగ్గర ఎవరి బట్టలు వారివే.

మీ నాలుగు వాక్యాలకీ ఈ పరీక్ష పెడితే: నిద్ర పట్టింది. వాన పడింది. టైం పట్టింది. ఖాతాలో డబ్బులు పడ్డాయి. రెండు పట్టులు, రెండు పడులు. మీ ఊళ్ళోనే ఆటో ఎక్కి చూడండి. "గాజువాక నుంచి జగదాంబకి ఎంత పడుతుంది?" అని అడుగుతారు. డ్రైవరు రూపాయల్లో చెప్తే అది పడు, ఎందుకంటే దిగాక "నాకింత పడింది" అంటారు. గంటల్లో చెప్తే అది పట్టు, ఎందుకంటే ఇంటికెళ్ళి "గంట పట్టింది" అంటారు. అడిగింది ఒకే వాక్యం, లోపలున్న క్రియలు రెండు. ఖర్చు వచ్చి మన మీద పడుతుంది, ప్రయాణం మన కాలాన్ని పట్టుకుని కూర్చుంటుంది. ఎన్‌.ఏ.డి. జంక్షన్ దగ్గర సాయంత్రం ఇరుక్కున్నవాళ్ళకి దీనికి వేరే వివరణ అక్కర్లేదు.

చేపల రేవుకి వెళ్తే ఇంకా బాగుంటుంది. మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవల వేటకి నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని. నిషేధం విడిచాక మొదటి పడవలు తిరిగొచ్చే రోజున రేవులో నిలబడి వినండి. "చేపలు పట్టాం" అనేది తక్కువ, అది మనలాంటి ఒడ్డువాళ్ళ మాట. వాళ్ళది "వేటకెళ్ళాం". ఆ తరవాత మాట "బాగా పడ్డాయి" గానీ, "ఏం పడలేదు" గానీ. వల వేసేది మనిషి, వచ్చి పడేది చేప. పట్టాం అంటే గొప్ప మనది, పడ్డాయి అంటే సముద్రానిది. రోజూ సముద్రంతో పనిపడేవాళ్ళు రెండోదే ఎందుకు అంటారో ఊహించుకోండి.

వానలోనూ ఈ తేడా ఉంది. వాన పడింది అంటే పడి వెళ్ళిపోయింది. ముసురు పట్టింది అంటే ఇక ఇప్పట్లో వదలదు, ఆరేసిన బట్టలు తెచ్చి లోపల దండెం మీద వేసుకోవాల్సిందే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటిన రోజున మా వాల్తేరులో ఎవరి నోటా "గాలివాన వచ్చింది" అన్న మాట వినలేదు. "పట్టుకుంది" అన్నారు.

రెంటికీ తేడా చెప్పే ఇంకో గుర్తు నామవాచకం. పడు లోంచి పుట్టే నామవాచకం పాటు. పొరబడితే పొరపాటు, తడబడితే తడబాటు, అలవడితే అలవాటు, కట్టుబడితే కట్టుబాటు. పట్టు లోంచి పుట్టేది పట్టే, దానికి ఏ మార్పూ లేదు. కుస్తీలో పట్టు, మాట మీద పట్టు, ఇంగ్లీషు మీద పట్టు.

ఇప్పుడు పత్రికలవాళ్ళకి ఒక మాట. పట్టుబడు వేరు, పట్టుబట్టు వేరు. మొదటిది పట్టు, పడు కలిసి అయింది. దొంగ పట్టుబడ్డాడు, అంటే చిక్కాడు. రెండోది పట్టు, పట్టు కలిసి అయింది. పిల్లాడు సైకిలు కావాలని పట్టుబట్టాడు, అంటే మొండికేశాడు. వర్తమానంలో రెండూ "పట్టుబడుతున్నాడు" అనే అవుతాయి కాబట్టి గొడవ లేదు. కానీ "సభలో చర్చకు సభ్యులు పట్టుబడ్డారు" అని ఈ మధ్య ఒక శీర్షిక చూశాను. పాపం, ఎవరు పట్టుకున్నారో.

ప్రశ్న: మాస్టారూ, నేను బ్యాంకులో చేసి రిటైరయ్యాను. మాటల మూలాలు వెతకడం నా కాలక్షేపం. పట్టుబట్ట ఒంటిని పట్టి ఉంటుంది గనక దానికి పట్టు అనే పేరొచ్చిందనీ, చేపలు పట్టే చోటు గనక మన ఊరు పట్నం అయిందనీ నా పరిశోధన. మీరు ఒప్పుకుంటే మా వాకింగ్ బృందంలో చెప్పుకుంటాను.
(ఎం.వి.పి. కాలనీ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: చెప్పుకోకండి సార్. మీ వాకింగ్ బృందంలో తమిళులుంటే పరువు పోతుంది.

ఎందుకో చెప్తాను. మాటలు ఒకేలా వినిపిస్తే చుట్టాలని అనుకోవడం మనందరికీ ఉన్న సరదా. తేల్చాలంటే మాత్రం పక్క భాషల్ని అడగాలి. తమిళంలో పట్టుబట్టని పట్టు అనే అంటారు, మనలాగే ట్ట తో. కానీ పట్టుకోవడాన్ని పట్టు అనరు. పఱ్ఱు అంటారు. రాతలో రెండు బండి ఱలు, నోటిలో దాదాపు "పట్రు" అని వినిపిస్తుంది. దేశభక్తిని వాళ్ళు నాట్టుప్పఱ్ఱు అంటారు, నాడు మీద పట్టు అని. మీ బ్యాంకు లెక్కల్లో డెబిట్ కూడా వాళ్ళకి పఱ్ఱే. ఒకే ఇంట్లో రెండు మాటలకి రెండు వేర్వేరు రాతలున్నాయంటే అవి మొదటి నుంచీ వేరన్నమాట. మన తెలుగులోకి వచ్చేసరికి ఆ ఱ్ఱ కూడా ట్ట గా మారి, రెండూ కలిసిపోయాయి.

ఇది ఒక్క మాటకి జరిగిన చిత్రం కాదు. తమిళంలో చుఱ్ఱు, మనకి చుట్టు. తమిళంలో పుఱ్ఱు, మనకి పాముల పుట్ట. ఆ వరసలోదే పఱ్ఱు, పట్టు. కన్నడం కూడా చూడండి. వాళ్ళకి అక్కడ త్త వస్తుంది: సుత్తు, హుత్త. మన పాలు వాళ్ళకి హాలు, పులి హులి అయినట్టే మాట మొదట్లో ప వాళ్ళకి హ అవుతుంది. ఈ రెండు మార్పులూ కలిపి పట్టుకి వేస్తే ఏమొస్తుంది? హత్తు. ఆ మాట కన్నడంలో ఉంది. అంటుకోవడం, ఎక్కడం అని అర్థాలు. బెంకి హత్తితు అంటే నిప్పంటుకుంది. బస్సు ఎక్కడం కూడా వాళ్ళకి హత్తడమే.

ఇక్కడే నాకు భలే ఇష్టమైన సంగతి ఒకటుంది. మనం పిల్లల్ని గుండెలకి హత్తుకుంటాం కదా. అచ్చతెలుగు మాటలు హ తో మొదలవడం బహు అరుదు. ఈ హత్తు కన్నడం నుంచి మన ఇంటికొచ్చిందనే నా నమ్మకం. అంటే పట్టుకోవడం, హత్తుకోవడం పుట్టుకలో ఒకటే మాట. ఒకటి ఇంట్లోనే పెరిగింది, ఒకటి బెంగళూరు వైపు తిరిగి ముద్దుగా తయారై వచ్చింది.

ఇక మీ పట్టుబట్ట. అది సంస్కృత ప్రాకృతాల "పట్ట" నుంచి వచ్చింది. ఆ పట్ట చాలా పెద్ద కుటుంబం. దానికి పలక, రేకు, పొడవాటి పీలిక, తలకి కట్టే పట్టం, నేసిన గుడ్డ ఇన్ని అర్థాలున్నాయి. రాజుకి తలమీద కట్టేది పట్టం కాబట్టి పట్టాభిషేకం, పట్టమహిషి, పట్టపుటేనుగు. భూమికి రాసిచ్చేది పట్టా. చదువు పూర్తయితే చేతికొచ్చేదీ పట్టాయే, పుచ్చుకున్నవాడు పట్టభద్రుడు. ఆడపిల్లల కాళ్ళకి పట్టీలు. బైలదిల్లా నుంచి ఇనుప ఖనిజం మోసుకొచ్చే కొత్తవలస, కిరండూల్ లైను మీద పరిచినవి పట్టాలు. ఇవేవీ దేన్నీ "పట్టుకోవడం" వల్ల ఆ పేరు తెచ్చుకోలేదు. సింహాచలంలో చందనోత్సవానికి అప్పన్నకి సమర్పించే పట్టువస్త్రాలు కూడా ఈ కుటుంబంలోవే. పట్టుబట్ట ఒంటిని పట్టి ఉండటం మాట అంటారా, ఎండాకాలం విశాఖ ఉక్కలో పెళ్ళికి పట్టుపంచె కట్టుకున్నవాడిగా అది మాత్రం నిజమేనని సాక్ష్యమిస్తాను. ఆ పట్టు చెమటది.

పట్నం కూడా అంతే. సంస్కృతంలో పట్టనం, పత్తనం అని నగరానికి పేర్లు. అదే మన పట్టణం, నోటిలో పట్నం. అయితే మీ చేపల ఊహలో ఒక్క చిన్న మెతుకు నిజం ఉంది. కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, మచిలీపట్నం, నిజాంపట్నం, కృష్ణపట్నం అని ఉత్తరం నుంచి దక్షిణానికి చదవండి. అన్నీ సముద్రం ఒడ్డునే. తమిళంలో పట్టినం అంటే ప్రత్యేకంగా సముద్రతీరపు ఊరే, నాగపట్టినం, కావేరిప్పూంపట్టినం లాగ. మనవైపు ఇబ్రహీంపట్నం లాంటివి లోపల కూడా ఉన్నాయనుకోండి. మొత్తానికి పట్నాలకి సముద్రంతో చుట్టరికం ఉంది గానీ, చేపలు పట్టడంతో లేదు.

మీ పరిశోధన ఆపకండి. తరవాతి మాటకి మాత్రం ముందు తమిళ నిఘంటువు ఒకటి పక్కన పెట్టుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి. "పట్టపగలు" అంటే పగటిని ఎవరు పట్టారని అడుగుతున్నాడు. ఏం చెప్పను?
(మధురవాడ నుంచి ఒక తల్లి)

జవాబు: ఎవరూ పట్టలేదని చెప్పండమ్మా. అది పగలు పగలు. ఒకే మాట రెండుసార్లు అన్నప్పుడు మొదటి మాటలో తొలి అచ్చు దాకా ఉంచి, మిగతాది కొట్టేసి, అక్కడ ట్ట పెట్టడం తెలుగుకి అలవాటు. కడ కడ అన్నది కట్టకడ, బయలు బయలు అన్నది బట్టబయలు, మొదలు మొదలు అన్నది మొట్టమొదలు. చిట్టచివర, నట్టనడుమ అన్నీ ఇవే. మీవాడి పుస్తకంలో ద్విరుక్త టకార సంధి అని భయపెట్టే పేరుతో ఉంటుంది. పేరు మర్చిపోయినా ఫరవాలేదు, ఈ వరస గుర్తుంటే మార్కులొస్తాయి.

ప్రశ్న: నేను ఓడల పనిలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాను. బోల్టుకి పట్టు ఉండాలంటాం. అదే బోల్టు ఉప్పుగాలికి తుప్పు పట్టి ఊడకపోతే "పట్టేసింది" అని తిట్టుకుంటాం. కావాల్సిందీ పట్టే, వద్దనుకున్నదీ పట్టే. ఇదెక్కడి న్యాయం మాస్టారూ? పనిలోపని, పటకారులో ఉన్నది ఈ పట్టేనా?
(సింధియా నుంచి ఒక పాఠకుడు)

జవాబు: పటకారుది ఈ పట్టే. పట్టుకారు, పట్టకారు అని కూడా ఉన్నాయి. మా ఇంట్లో పట్కార. కమ్మరి కొలిమి నుంచి కాఫీ గిన్నె దాకా దాని పని పట్టుకోవడమే.

న్యాయం సంగతికొస్తే, మీ ప్రశ్నలోనే సగం జవాబుంది. మీరు ఒకచోట పట్టు అన్నారు, ఇంకోచోట పట్టేసింది అన్నారు. ఆ "ఏసింది" దగ్గరే ఉంది కిటుకు. పట్టి వేయడం అంటే పట్టిన పట్టు ఇక వదలకపోవడం. నడుం పట్టేసింది, మెడ పట్టేసింది, ఇంజను పట్టేసింది అంటాం. వీటిలో ఒక్కటీ శుభవార్త కాదు. మీరంతా ఇంజను "సీజయింది" అంటారు చూశారా, ఆ సీజ్ అన్న ఇంగ్లీషు మాటకీ అసలు అర్థం గట్టిగా పట్టుకోవడమే. రెండు భాషల మెకానిక్కులూ వేరువేరుగా ఒకే చోటికి చేరారు. పట్టు మంచిదా చెడ్డదా అన్నది వదలాల్సినప్పుడు వదులుతుందా లేదా అన్నదాన్ని బట్టే. మన పెద్దలు పట్టూ విడుపూ ఉండాలి అని రెంటినీ జంటగా ఎందుకు కట్టారో పాన చేత్తో పట్టుకున్నవాళ్ళకి నేను చెప్పేదేముంది.

తుప్పు సంగతి వేరు. తుప్పు పట్టడంలో ఇనుము దేన్నీ పట్టలేదు, తుప్పే దాన్ని పట్టింది. దీని మీద ఇంకో ఉత్తరం వచ్చింది, అక్కడ చూద్దాం.

ప్రశ్న: రాత్రి రెండు దాటినా నిద్ర పట్టదు. అప్పుడు నాకో ఆలోచన వస్తుంది, నేను నిద్రని పట్టాలా, నిద్ర నన్ను పట్టాలా అని. నవ్వకండి.
(అక్కయ్యపాలెం నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: నవ్వడం లేదమ్మా. "నాకు నిద్ర పట్టింది" అన్న వాక్యంలో కర్త నిద్ర. పట్టింది అన్నది నిద్ర చేసిన పని, మీరు చేసింది కాదు. మీరు చేసేదైతే "నేను నిద్ర పట్టాను" అనాలి, అలా ఎవరూ అనరు. తెలుగులో ఇలా మనిషిని వచ్చి పట్టుకునేవి బోలెడు. చెమట పడుతుంది, బెంగ పట్టుకుంటుంది, పిచ్చి పడుతుంది, దయ్యం పడుతుంది, ఏడున్నరేళ్ళు శని పడుతుంది, ఎప్పుడో ఒకసారి అదృష్టం కూడా పడుతుంది. ఈ మధ్య టెన్షన్ కూడా పట్టుకుంటోంది, అది కొత్తగా వచ్చినా పాత చుట్టాల పక్కనే కూర్చుంది. వీటన్నిట్లో మనిషికి "కి" తగులుతుంది: వాడికి పట్టింది, నాకు పట్టింది. మనిషి పట్టేవాడైతే "ని" వస్తుంది: దొంగని పట్టాను, క్యాచ్‌ని పట్టాడు. నిద్ర కోసం మంచం మీద కుస్తీ పట్టినా లాభం లేదన్నది వ్యాకరణం చెప్పే వైద్యం. అసలు వైద్యం డాక్టరుగారు చెప్పాలి. రోజూ రెండు దాటుతోందంటే ఈ శీర్షికకి కాకుండా ఆయనకి చూపించుకోండి.

ఇదే మాటకి ఇంకో కొమ్మ ఉంది, దాన్నీ ఇక్కడే చెప్పేస్తాను. ఈ బిందెలో ఎన్ని నీళ్ళు పడతాయి అంటాం. పట్టాయి, పట్టలేదు అని దానికి జవాబు. లోపల చోటుంటే పడుతుంది, లేకపోతే పట్టదు. ఆ చోటు మనసులోకి మారితే "వాడికేం పట్టదు" అవుతుంది. ఎవరి కష్టమూ వాడి లోపల పట్టదన్నమాట. పట్టించుకోవడం అంటే దానికి లోపల ఇంత చోటివ్వడం.

ప్రశ్న: "మీ పట్ల నాకు గౌరవం" అని రాస్తాం. ఈ "పట్ల" కూడా పట్టులోదేనా? పాతకాలం దరఖాస్తుల్లో "నా యెడల దయ ఉంచి" అని చూశాను. ఏది సరైనది?
(పెందుర్తి నుంచి ఒక పంచాయతీ ఉద్యోగి)

జవాబు: రెండూ సరైనవే. పాత తెలుగులో పట్టు అంటే చోటు అని కూడా అర్థం ఉంది. "ఆ పట్టున" అంటే ఆ చోట. ఒక్క పట్టున కూర్చుని పని చేశాడు అని ఇప్పటికీ అంటున్నాం. తేనెపట్టులో ఉన్నది కూడా ఈ చోటే అయ్యుంటుందని నా ఊహ. చెట్టు చెట్లు అయినట్టు పట్టు పట్లు అవుతుంది, కుస్తీ పట్లు అంటాం చూశారా. చెట్ల లాగే పట్ల. ఎడ అన్నా చోటే, ఎడల కూడా అలాగే తయారైంది. కాబట్టి నా యెడల అన్నా, నా పట్ల అన్నా నా చోట, నా విషయంలో అనే. దరఖాస్తులో మీకు ఏది నోరు తిరిగితే అది రాయండి. పట్ల ముందు మాటని అంటించి "నాపట్ల" అని రాసినా, విడిగా రాసినా నేను తప్పు పట్టను, మీ పై అధికారి సంగతి మీకే తెలియాలి.